కనుమ మట్టి, రేగడ మట్టి

గ్లాసు నీళ్ళలో గుప్పెడు గింజలు పోశాను. శనగబద్దంత సైజు, లేత పసుపు రంగు, చేతిలో పట్టుకుంటే మరమరాల బరువు. అవి మునగలేదు. నీటి మీద తేలుతూ అంచుల వెంట సన్నటి బుడగలు వదిలాయి. గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమని చిన్న సవ్వడి. కాసేపటికి ఒక్కొక్కటే నీళ్ళు తాగి అడుక్కి చేరాయి. రంగు కూడా ముదిరి పసుపు కొమ్ములా తయారైంది. మా మేడ మీద మొక్కలకు నీళ్ళు పట్టే పెద్దమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. "గివి రాళ్ళు గదా బిడ్డా, గీండ్ల చెట్టు ఎట్ల బతుకుతది? మట్టి ఏస్తేనే బతకకపాయె" అంది.

ఆమె చివరి మాట నిజం. అంతకుముందు ఏడాది కొన్న డెండ్రోబియం ఆర్కిడ్‌ను నేను నల్లరేగడి, పశువుల ఎరువు కలిపిన కుండీలో నాటాను. మందారానికి పనికొచ్చిన మట్టి దీనికీ పనికొస్తుందనుకున్నాను. వానాకాలం ముగిసేలోగా వేళ్ళు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడ్డాయి. వేలితో నొక్కి లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం లాంటి నార ఒక్కటే మిగిలింది. కుండీ నిండా నీళ్ళుండగానే ఆ మొక్క ఊపిరాడక చచ్చిపోయింది.

గ్లాసులో మునిగిన గింజలు జపాన్ నుంచి వచ్చినవి. పేరు కనుమ మట్టి. మనకు కనుమ అంటే సంక్రాంతి మర్నాటి పండుగ, లేదంటే కొండల నడుమ దారి. ఈ కనుమ మాత్రం టోక్యోకు ఉత్తరాన దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, తొచిగి ప్రాంతంలో ఉన్న ఒక ఊరు. అక్కడ నేలలో పరుచుకుని ఉన్న అగ్నిపర్వతపు నురగరాయిని తవ్వి, ఆరబెట్టి, జల్లెడ పట్టి సంచుల్లో నింపుతారు. ఇప్పుడు మన ఆన్‌లైన్ దుకాణాల్లోనూ దొరుకుతోంది. దాని వెంటే అకడమ, హ్యూగా, కిర్యూ అనే పేర్లూ వచ్చాయి. వీటిలో ఏది కొనాలి, అసలు కొనాలా అని అడిగేవాళ్ళకు నేను ముందు మన ఊరు పటాన్‌చెరు నేల గురించి చెబుతాను. ఎందుకంటే మన నల్లరేగడి కూడా అగ్నిపర్వతాల బిడ్డే.

పటాన్‌చెరు, రామచంద్రాపురం చుట్టూ కనిపించే గుండ్రటి బండలు గ్రానైటువి, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ముంబై రోడ్డు పట్టుకుని సంగారెడ్డి దాటి సదాశివపేట, జహీరాబాద్ వైపు సాగుతుంటే ఆ బండలు పలచబడి, నేల నల్లబడి, గుట్టలు నెత్తిన చదునుగా మారతాయి. అది దక్కన్ లావా పరుపుల అంచు. 6.6 కోట్ల ఏళ్ళ కిందట నేల నెర్రెల్లోంచి పొంగి పొర మీద పొరగా పరుచుకున్న ఆ లావా ఇవాళ్టికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది. ఆ బసాల్టు రాయి యుగాల తరబడి చివికి, వాగుల్లో కొట్టుకొచ్చి మన నల్లరేగడి అయింది. 1972లో పటాన్‌చెరులో వెలిసిన ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థకున్న దాదాపు 1,400 హెక్టార్ల ఆవరణలో ఎర్రనేలా నల్లనేలా పక్కపక్కనే ఉన్నాయి. నేలల శాస్త్రంలో ఆ ఎర్రనేలది పటాన్‌చెరు శ్రేణి, నల్లనేలది కాసిరెడ్డిపల్లి శ్రేణి. మన పల్లెల పేర్లు అలా శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కాయి.

ఇంకో పేరూ ఎక్కింది. నల్లనేలకు భూగోళ పాఠాల్లో కనిపించే 'రెగుర్' అనే మాట మన రేగడే. జపాన్ అగ్నిపర్వత నేలలకు ప్రపంచమంతా వాడే 'ఆండోసోల్' అనే పేరు జపాన్ భాషలోంచి వచ్చింది. అన్ అంటే నలుపు, దో అంటే నేల. నల్లనేలకు ఒక మాట తెలుగు ఇచ్చింది, ఒక మాట జపాన్ ఇచ్చింది. రెండు నేలలూ నిప్పులోంచి పుట్టినవే. మరి ఒకటి ఆర్కిడ్ వేరును ఊపిరాడకుండా చంపితే, ఇంకోదాని కడుపులోంచి తీసిన గింజలు ఆ వేరును ఎలా బతికిస్తున్నాయి?

తేడా పాకంలోనే ఉంది. లేత పాకం ఉడుకుతున్నప్పుడు బుడగలు లేచిన వెంటనే పగిలిపోతాయి. ముదురు పాకంలో బుడగ బయటికి రాలేక లోపలే చిక్కుకుంటుంది. బసాల్టు లావా లేత పాకం లాంటిది. సిలికా తక్కువ, కాబట్టి పలచన. అందులోని ఆవిరి చాలావరకు తప్పించుకుపోయింది. అక్కడక్కడా మిగిలిన బుడగల గూళ్ళలో తర్వాత జియోలైట్ల వంటి స్ఫటికాలు పేరుకుని వాటినీ పూడ్చేశాయి. జపాన్ అగ్నిపర్వతాల కరుగు సాధారణంగా సిలికా ఎక్కువున్న ముదురు పాకం. లోతులో ఒత్తిడి కింద దానిలో నీరు కరిగి ఉంటుంది. ఒక్కసారిగా ఒత్తిడి సడలితే ఆ నీరు ఆవిరై కరుగును నురగలా పొంగిస్తుంది, నురగ గాలిలోనే చల్లారి గాజులా గట్టిపడుతుంది. తొలి ఏకాదశికి జొన్న పేలాలు వేయించిన వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. గింజలోని తేమ ఆవిరై గింజను పువ్వులా విచ్చేలా చేస్తుంది కదా, అదే పని కొండ కడుపులో జరుగుతుంది. ప్యూమిస్ అనే ఆ నురగరాయిలో సగానికి మించి ఖాళీయే. 2021 ఆగస్టులో జపాన్‌కు దక్షిణాన సముద్రంలో ఫుకుతోకు-ఒకనోబా అనే అగ్నిపర్వతం పేలితే, ఆ రాళ్ళు తెప్పలు తెప్పలుగా తేలుతూ అక్టోబరు నాటికి ఒకినావా రేవులను కమ్మేశాయి.

కనుమ గింజల పుట్టుక చాలా పాతది. దాదాపు 45 వేల ఏళ్ళ కిందట అకగి అనే కొండ పేలింది. పడమటి గాలి ఆ నురగరాళ్ళను తూర్పుగా 50 కిలోమీటర్ల దూరంలోని కనుమ ప్రాంతం మీద కురిపించింది. తర్వాత చుట్టుపక్కల అగ్నిపర్వతాల సన్నటి బూడిద దాన్ని కప్పుతూ పోయింది. ఇప్పుడు అక్కడ తవ్విన గుంత గోడ చూస్తే మూడు రంగులు. పైన ఆకు అలములు కలిసిన నల్లమట్టి, దాని కింద చివికిన బూడిద అయిన ఎర్రమట్టి, అడుగున పసుపు పచ్చటి కనుమ పొర. మధ్యలోని ఎర్రమట్టి గడ్డలే అకడమ. ఆ మాటకు అర్థమే ఎర్ర గుండు. అంటే సంచుల మీద వేరు వేరు పేర్లతో అమ్మే రెండు సరుకులు ఒకే గోడలోని రెండు అరలు.

దూరం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి గాజు బూడిద ఉంది. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ళ కిందట కక్కిన బూడిద మీటర్ల మందాన మేట వేసి ఉంది. గిన్నెలు తోమే పొడి కోసం దాన్ని తవ్వుకునేవారు. 2007లో మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ బూడిద పొరకు కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లున్నాయని ప్రకటించాక జ్వాలాపురం పేరు లోకానికి తెలిసింది. ఆ బూడిద కుండీకి పనికిరాదు. 2,600 కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చేసరికి గాలి బరువైన గింజలన్నింటినీ దారిలోనే వదిలేసి, పిండిని మాత్రమే మనదాకా తెచ్చింది. కుండీకి కావలసింది గింజ. అది అగ్నిపర్వతం పక్కన ఉన్నవాళ్ళకే దక్కుతుంది.

పుట్టుక ఒకటైతే, చివకడం ఇంకొకటి. బసాల్టులోని ఖనిజాలు మన ఎండావానల్లో నెమ్మదిగా మారి స్మెక్టైట్ అనే బంకమట్టి అయ్యాయి. అది పూతరేకుల్లా రేకు మీద రేకుగా ఉంటుంది. రేకుల మధ్యకు నీరు దూరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఎండాకాలం చేలో కాలు పట్టేంత నెర్రెలు, వానాకాలం చెప్పులు ఊడబెరికే బురద, రెండూ దాని లక్షణాలే. ఇక్రిశాట్‌లో కొలిచినప్పుడు, నెర్రెలు పూడి బాగా తడిసిపోయిన నల్లరేగడిలోకి గంటకు పావు మిల్లీమీటరు నీరు కూడా ఇంకలేదు. జొన్నకూ శనగకూ అది వరం. వాన వెళ్ళిపోయాక నెలల తరబడి ఆ నేల దాచుకున్న తేమతోనే యాసంగి పంట పండుతుంది. అదే మట్టిని పిడికెడు కుండీలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తే గాలి దూరే సందే ఉండదు.

నురగరాయి గాజు వేరే దారి పట్టింది. గాజుకు స్ఫటికపు కట్టుబాటు లేదు కాబట్టి త్వరగా కరుగుతుంది. అలా కరిగిన సిలికా, అల్యూమినియం కలిసి అల్లోఫేన్ అనే పదార్థంగా పేరుకుంటాయి. మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్న బోలు గోళీలు అవి, ఒక్కొక్కటి 4, 5 నానోమీటర్ల అడ్డుకొలత, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతుల్లో నాలుగైదు. నీళ్ళు తాగినా ఉబ్బి దారి మూసెయ్యవు. కనుమ గింజ పుల్లగా, పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. జపాన్‌లో సాత్సుకి అజేలియాలు పెంచేవాళ్ళు దాన్ని అంతగా ఇష్టపడటానికి కారణం ఆ పులుపే. అల్లోఫేన్‌కు ఒక గుణం ఉంది, గుర్తుంచుకోవాలి. ఫాస్ఫేట్‌ను గట్టిగా పట్టేసుకుని వేరుకు అంత తేలిగ్గా వదలదు. అందుకే ఈ గింజల్లో పెరిగే మొక్కకు ఎరువు నెలకోసారి చిక్కగా పోసే బదులు, వారానికోసారి బాగా పలచన చేసి ఇవ్వడం మేలు.

ఇక వేరు దగ్గరికి వద్దాం. మన మామిడి, వేప, ఇప్ప చెట్ల కొమ్మల మీద పెరిగే వండా ఆర్కిడ్‌ను పల్లెల్లో బదనిక కింద జమకట్టేస్తారు. నిజానికి అది చెట్టు రసం పీల్చదు, కొమ్మను పట్టుకుని నిలబడుతుందంతే. వండా అనే శాస్త్రీయ నామం కూడా చెట్ల మీద పెరిగే మొక్కలకు సంస్కృతంలో ఉన్న 'వందా' అనే మాట నుంచే వచ్చింది. సామర్లకోట తోటలో ఏళ్ళపాటు పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఈ గళ్ళ పూల ఆర్కిడ్‌ను వర్ణించాడు. దాని వేళ్ళు గాలిలోనే వేలాడతాయి. వేరు చుట్టూ వెలామెన్ అనే తెల్లటి పొర ఉంటుంది. అది చచ్చిన కణాల దూది. చినుకు పడగానే క్షణాల్లో నీరు పీల్చి ఆకుపచ్చగా మారుతుంది, కాసేపటికి మళ్ళీ ఆరి తెల్లబడుతుంది. తడవడం, ఆరడం, ఆ ఆరే వేళ గాలి పీల్చుకోవడం, ఈ వరసకే ఆ వేరు తయారైంది. నీళ్ళలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మది. వెలామెన్ రోజుల తరబడి తడిగా ఉండిపోతే లోపలి బతికున్న కణాలకు ఊపిరి అందదు, కుళ్ళు మొదలవుతుంది.

కుండీలో నీరు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి గిన్నెలు తోమే స్పాంజి చాలు. నిండా తడిపి అడ్డంగా అరచేతిలో పెట్టుకోండి. నీరు కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్ళీ ధార కడుతుంది. కొత్తగా నీళ్ళేమీ పొయ్యలేదు. స్పాంజి అడుగున నీరు నిలిచే ఎత్తు ఎప్పుడూ ఒకటే, నిలబెట్టినప్పుడు ఆ తడి పట్టీ స్పాంజిలో తక్కువ భాగానికి వస్తుంది. కుండీలోనూ అంతే. ఆ పట్టీ ఎత్తును నిర్ణయించేది గింజల నడుమ సందు. ఒక మిల్లీమీటరు వెడల్పు సందులో నీరు దాదాపు 3 సెంటీమీటర్లు పైకి పాకి నిలుస్తుంది. సందు అందులో పదో వంతైతే 30 సెంటీమీటర్లు, అంటే కుండీ మొత్తం. 6 మిల్లీమీటర్ల గింజలు వేస్తే అడుగున ఒకటిన్నర సెంటీమీటరు మించి తడి నిలవదు. కుండీ అడుగున కంకర పరిచి పైన సన్నమట్టి పోసే అలవాటు మనకుంది. దాని వల్ల తడి పట్టీ పోదు, ఆ పట్టీయే కంకర మీదికి జరిగి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది.

నురగరాయి గింజ పనితనం ఇక్కడే. గింజకూ గింజకూ మధ్య సందు పెద్దది, అందులో గాలి ఆడుతుంది. గింజ లోపలి రంధ్రాలు సన్నవి, వాటిలో నీరు నిలుస్తుంది. గాలికీ నీటికీ వేరు వేరు గదులు. గ్రానైటు కంకరలో మొదటి గది ఉంది, రెండోది లేదు. రేగడిలో రెండోదే ఉంది, మొదటిది లేదు.

మన ఊరికి ఏది పనికొస్తుంది? సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తున ఉన్న పటాన్‌చెరులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిబారి పెదవులు పగులుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అదే గాలి తడి గుడ్డలా ఉంటుంది. ఈ రెండు కాలాలనూ తట్టుకునే గింజ కావాలి. నా ఓటు హ్యూగాకు. జపాన్ దక్షిణాన మియాజాకి ప్రాంతంలో కిరిషిమా అగ్నిపర్వతాలు రాల్చిన గట్టి నురగరాయి అది, ఆ ప్రాంతపు పాత పేరే హ్యూగా. అక్కడి రైతులు దాన్ని బోరా అని పిలుస్తారు. చేలో ఆ పొర ఉంటే సాగుకు అడ్డమని తవ్వి పారేసేవారు. వేళ్ళతో నలిపినా పొడి అవ్వదు, ఏళ్ళు గడిచినా గింజ గింజలాగే ఉంటుంది. కనుమ మెత్తన, గోటితో నొక్కితే నలుగుతుంది. దాన్ని ఒక్కదాన్నే వాడటం కంటే మూడు పాళ్ళ హ్యూగాలో ఒక పాలు కలపడం మంచిది. కిర్యూ అకగి కొండ పాదాన దొరికే ఇనుప రంగు గట్టి ఇసుక, బరువైనది, బోన్సాయ్ వాళ్ళకు నప్పుతుంది. అకడమ జోలికి ఆర్కిడ్లవాళ్ళు వెళ్ళనక్కర్లేదని నా అభిప్రాయం. మన వానాకాలపు తడికి చితికి బంకగా మారితే మళ్ళీ మొదటికే వస్తాం.

ప్రతి ఆర్కిడ్‌కూ ఈ ఖర్చు అవసరం లేదు. వండాకు చెక్క బుట్ట, పొద్దున్నే ఒక జల్లు చాలు. డెండ్రోబియానికి కట్టెబొగ్గు, బెంగళూరు పెంకు ముక్కలు, బాగా కాలిన ఇటుక ముక్కలు నిక్షేపంగా పనిచేస్తాయి. కొబ్బరి డొక్క ముక్కలైతే రెండు మూడు సార్లు నానబెట్టి ఉప్పు వదిలించాలి. జపాన్ గింజ విలువ చిన్న కుండీల్లో తెలుస్తుంది. లేత నారు, ఫెలెనాప్సిస్, నేలను అంటిపెట్టుకుని పెరిగే పాఫియోపెడిలమ్ లాంటివి తడి కాస్త ఎక్కువైనా, తక్కువైనా ఓర్చుకోలేవు. వాటికి 3 నుంచి 6 మిల్లీమీటర్ల గింజ. పెద్ద కుండీలకు 6 నుంచి 12. ఏ సంచి అయినా జల్లెడ పట్టి, పొడి పోయేదాకా కడిగిన తర్వాతే వాడాలి. ఆ పొడి అడుగుకు దిగితే గింజల సందులన్నీ పూడుకుపోతాయి.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉన్నవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. ఇక్కడ రంధ్రాలున్న తేలిక రాళ్ళు ఉచితంగానే దొరుకుతాయి. కొలిమి చిట్టెం, బాయిలర్ల క్లింకరు, కట్టడాల దగ్గర పడేసిన ఏఏసీ బ్లాకు ముక్కలు, చూడటానికి అచ్చం అగ్నిపర్వతపు రాళ్ళే. వాటిని వాడొద్దు. ఏఏసీ బ్లాకులో సున్నం ఉంది, అది నీటిని క్షారం వైపు లాగుతుంది. చిట్టెంలో, క్లింకరులో ఏ లోహం ఎంత ఉందో కంటితో తేలదు.

నీటి సంగతీ అంతే శ్రద్ధగా చూడాలి. పరిశ్రమల వల్ల పాడైన ఈ ప్రాంతపు నీటి గోడు 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఒక వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. ఆ నీటి పక్కన బతికే మనుషుల గురించి తలుచుకుంటే మొక్కల మాట చిన్నదే అనిపిస్తుంది. కాలుష్యం సోకని బోరు నీటిలో కూడా సున్నపు లవణాలు ఎక్కువ. కనుమ గింజలోని పులుపును ఆ నీరు కొన్ని నెలల్లోనే విరిచేస్తుంది, గింజల మీద తెల్లటి పొక్కు కడుతుంది, వెలామెన్ కొసలు మాడతాయి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ళు వృథా కాకూడదని మొక్కలకు పోసేవాళ్ళున్నారు. ఆ నీటిలో లవణాలు ఇంకా చిక్కబడి ఉంటాయి, ఆర్కిడ్లకు అస్సలు వద్దు. వాన నీటిని డ్రమ్ములో పట్టుకోవడం అన్నిటికంటే ఉత్తమం. ఎండాకాలంలో ఏసీ గొట్టం నుంచి బొట్లు బొట్లుగా పడే నీళ్ళు కూడా లవణాల్లేనివే. తప్పక బోరు నీళ్ళే పోసేవాళ్ళు నెలకొకసారైనా కుండీని వాన నీటితో ధారాళంగా కడగాలి.

నీళ్ళు ఎప్పుడు పొయ్యాలన్నది గింజే చెబుతుంది. తడి ఉన్నంతసేపు కనుమ ముదురు పసుపు, ఆరితే పాలిపోతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే పైనే కాదు, అడుగున కూడా రంగు కనిపిస్తుంది. పైన తెల్లబడినా అడుగున పసుపు ఉంటే ఆగాలి. మా మేడ మీద షేడ్‌నెట్ కింద ఇప్పుడు పదకొండు కుండీలున్నాయి. పొద్దున్నే పెద్దమ్మ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ఎండకెత్తి అడుగు చూస్తుంది. "గివి నాలుగు తెల్లగైనయి, గిటు ఉన్నయి రేపటిదాక ఆగుతయి బిడ్డా" అంటుంది. ఆ నాలుగింటికే నీళ్ళు పోస్తుంది.